ఆకాశం మనది, ఆపద ఎవరిది?

తెలుగు తెర మీద అంతరిక్షయానాన్ని మన విమర్శ ఎలా చూసింది? ఎలా చూసి ఉండాల్సింది? కథలాపూర్ నుంచి ఒక చూపు

2018 డిసెంబర్ 21, శుక్రవారం. తెలుగు థియేటర్లలో ఆ రోజు పోటీ గట్టిగానే ఉంది. కన్నడం నుంచి ‘కేజీఎఫ్’ వచ్చింది. శర్వానంద్, సాయిపల్లవిల ప్రేమకథ ‘పడి పడి లేచె మనసు’ వచ్చింది. ఆ రెంటి పక్కనే, తెలుగులో తొలి అంతరిక్ష చిత్రమన్న ప్రచారంతో ‘అంతరిక్షం 9000 కేఎంపీహెచ్’ వచ్చింది. వరుణ్ తేజ్ వ్యోమగామి. అదితీరావు హైదరీ, లావణ్య త్రిపాఠి, సత్యదేవ్, శ్రీనివాస్ అవసరాల తోడు. నిర్మాతల్లో దర్శకుడు క్రిష్ ఒకరు. దర్శకుడు సంకల్ప్ రెడ్డి అంతకుముందే సముద్రగర్భంలో ‘ఘాజీ’ తీసి, ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ అవార్డు అందుకున్నవాడు. నీటి అడుగు నుంచి నేరుగా నింగికి ఎక్కాడు.

సాయంత్రం ఆటకు ముందే సమీక్షలు ఫోన్లలోకి చేరాయి. వాటి సారం దాదాపు ఒకటే. ప్రయత్నం సాహసోపేతం, సాంకేతికంగా మెచ్చుకోవాలి, జ్ఞానశేఖర్ కెమెరా బాగుంది, వరుణ్ తేజ్ ఒదిగి నటించాడు. అయితే భావోద్వేగం పండలేదు, ద్వితీయార్ధంలో చిక్కులు తేలిగ్గా విడిపోయాయి, ప్రేమకథ పల్చన. ఇందులో అబద్ధం ఏమీ లేదు. కానీ ఇంతే చెప్పి ఊరుకోవడం వల్ల తెలుగు సినిమా ఒక మంచి అవకాశాన్ని పోగొట్టుకుంది. సినిమా ఆశించినంత ఆడలేదు. ‘మనోళ్లు ఇలాంటివి చూడరు’ అన్న మాట పరిశ్రమలో మరింత గట్టిపడింది. ఆ తర్వాత పెద్ద తారతో వ్యోమగామి కథ చెప్పే సాహసం తెలుగులో పెద్దగా కనిపించలేదు.

ఇంత దూరంలో, తెలంగాణలోని కథలాపూర్‌లో కూర్చుని ఆ సినిమా గురించి ఎందుకు మాట్లాడుకోవాలి? అందులోని ఆపద ముందుగా తట్టేది ఇలాంటి ఊరి తలుపునే కాబట్టి.

కథలో ఉన్న ఊరు, తెర మీద లేని ఊరు

సినిమా కథ ఇది. ‘మిహిర’ అనే భారత ఉపగ్రహం అదుపు తప్పి కక్ష్య నుంచి జరిగిపోతుంది. దారిలో ఉన్న వేరే ఉపగ్రహాలను ఢీకొంటే ప్రపంచమంతటా సమాచార వ్యవస్థ కుప్పకూలుతుంది. దాన్ని సరిచేయగలవాడు దేవ్ ఒక్కడే. చంద్రుడి మీదికి పంపిన ‘విప్రాయన్’ విఫలమై, ప్రేమించిన మనిషి కూడా దూరమై, అన్నీ వదిలేసి ఎక్కడో బతుకుతున్న అతణ్ని వెతికి తెచ్చి నింగికి పంపుతారు. అక్కడ మిహిర పనితోపాటు, ఆగిపోయిన తన విప్రాయన్ సంగతి కూడా తేల్చుకోవాలన్నది అతడి పంతం.

సమాచార వ్యవస్థ కుప్పకూలడం అంటే ఏమిటి? సినిమాలో అది చాలావరకు కంట్రోల్ రూమ్ మాట. పెద్ద తెరల మీద ఎర్ర గీతలు, అధికారుల ముఖాల్లో కంగారు. అదే ప్రశ్న కథలాపూర్‌లో అడిగితే జవాబు మరోలా వస్తుంది.

యాసంగి కోతలయ్యాక కొనుగోలు కేంద్రంలో వడ్లు ఆరబోసిన రైతు మబ్బును ఎంత చూస్తాడో, ఫోన్‌లో వాన హెచ్చరికనూ అంతే చూస్తాడు. ఆ హెచ్చరిక వెనుక ఇన్‌శాట్-3డీఆర్ లాంటి ఉపగ్రహాలు పంపిన మేఘాల చిత్రాలున్నాయి. అకాల వర్షం సంగతి రెండు గంటల ముందు తెలిస్తే టార్పాలిన్ కప్పుకుంటాడు. తెలియకపోతే గింజ మొలకెత్తుతుంది, తేమ శాతం పెరుగుతుంది, తూకం దగ్గర తరుగు పోతుంది. 2020 సెప్టెంబర్‌లో బడులు మూతపడి ఉన్నప్పుడు తెలంగాణ సర్కారు బడి పిల్లలకు పాఠాలు వచ్చింది దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ చానళ్ల మీదనే. టీ-శాట్ నడిచేది ఇస్రో ఉపగ్రహం ఆసరాతో. ఇంట్లో స్మార్ట్ ఫోన్ లేని బీడీ కార్మికురాలి బిడ్డకు ఆ ఏడాది పంతులు, నల్లబల్ల, గంట అన్నీ ఆకాశం నుంచే దిగాయి.

గల్ఫ్ మాట కూడా చెప్పుకోవాలి. కథలాపూర్, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల వైపు దుబాయ్, మస్కట్, సౌదీలతో చుట్టరికం లేని వాడ దొరకడం కష్టం. రాత్రి వీడియో కాల్‌లో బిడ్డ ముఖం చూసి పడుకునే తండ్రులు వేలమంది. నిజానికి ఆ కాల్ ఎక్కువగా వెళ్లేది సముద్రం అడుగున వేసిన కేబుళ్ల గుండా. అయినా ఉపగ్రహాలతో దానికీ సంబంధం ఉంది. చాలా సెల్ టవర్లు తమ గడియారాన్ని సరిచూసుకునేది జీపీఎస్ ఉపగ్రహాలు పంపే సమయంతోనే. ఆ తండ్రి సెలవు మీద ఇంటికొచ్చే విమానం దారి చూసుకునేదీ వాటితోనే. ఈ సంగతులన్నీ సినిమా చెప్పగలిగేది. చెప్పి ఉంటే, మిహిర దారి తప్పిందన్న వార్తకు మొదట ఉలిక్కిపడేది ఢిల్లీ మంత్రి కాదు, మన ఊళ్లో చార్జర్ పిన్ను చేతిలో పట్టుకుని నిలబడ్డ తల్లి.

‘భావోద్వేగం పండలేదు’ అన్న సమీక్షల మాటకు అసలు కారణం ఇక్కడే ఉందని నా నమ్మకం. హీరో ప్రేమకథను ఇంకా పొడిగిస్తే అది తీరేది కాదు. ఎవరికి నష్టం జరుగుతుందో చూపిస్తే తీరేది.

రెండు కొలతలు, రెండూ సరిపోవు

అప్పటి స్పందనలో రెండు ధోరణులు కనిపిస్తాయి. ఒకటి, తొలి ప్రయత్నం కదా అని తప్పులు క్షమించి భుజం తట్టడం. రెండోది, ‘గ్రావిటీ’తోనో ‘ఇంటర్‌స్టెల్లార్’తోనో పోల్చి చప్పరించడం.

మొదటిది ఆదరంలా కనిపిస్తుంది. దాని వల్ల దర్శకుడికి నేర్చుకునేది ఏమీ దొరకదు. రెండోదాంట్లో డబ్బు లెక్కే తేడా కొడుతుంది. ‘గ్రావిటీ’కి పెట్టిన ఖర్చు సుమారు 10 కోట్ల డాలర్లు, ‘ఇంటర్‌స్టెల్లార్’కు 16 కోట్లకు పైనే. ఇస్రో అంగారకుడి దాకా మంగళ్‌యాన్‌ను పంపింది సుమారు 450 కోట్ల రూపాయలతో. ఆ ఖర్చు ‘గ్రావిటీ’ సినిమా ఖర్చు కన్నా తక్కువని 2014 జూన్‌లో శ్రీహరికోటలో ప్రధాని మోదీ గర్వంగా చెప్పారు. తక్కువ డబ్బుతో గ్రహాంతరం చేరిన దేశంలో, తక్కువ డబ్బుతో తీసిన సినిమాను గ్రాఫిక్స్ నాణ్యత దగ్గరే ఆపి కొలవడం సబబు కాదు. మంగళ్‌యాన్‌ను గెలిపించింది లెక్క. సినిమానూ ఆ లెక్క దగ్గరే నిలదీయాలి. కథ తాను పెట్టుకున్న నియమాలను తానే పాటించిందా అని అడగాలి.

సినిమా పేరులోని వేగమే తీసుకుందాం. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం తిరిగే 400 కిలోమీటర్ల ఎత్తులో వస్తువు గంటకు సుమారు 27,600 కిలోమీటర్ల వేగంతో పోవాలి. టీవీ ఉపగ్రహాలుండే 36,000 కిలోమీటర్ల ఎత్తులో 11,000 చాలు. పైకి పోయినకొద్దీ వేగం తగ్గుతుంది. గంటకు 9,000 కిలోమీటర్లతో గుండ్రటి కక్ష్యలో తిరగాలంటే ఉపగ్రహం 57,000 కిలోమీటర్లకు పైన ఉండాలి. అంత పైన టీవీ ఉపగ్రహాల వరస ఉండదు. తప్పు పట్టడం కోసం ఈ లెక్క చెప్పడం లేదు. ఇంటర్ ఫిజిక్స్ చదివే పిల్ల కాగితం మీద చేయగలిగిన లెక్క ఇది. ఒక్క సమీక్ష దీన్ని పాఠకుడి ముందు పెట్టి ఉంటే, కోరుట్ల కాలేజీ క్లాసులో ఆ శనివారం మంచి చర్చ జరిగేది.

డిష్ బిగించే చోట అంతరిక్షం

ఆ 11,000 కిలోమీటర్ల వేగం ఎంత దగ్గరి సంగతో చూడాలంటే మన పక్క ఏ డాబా మీదికైనా ఎక్కవచ్చు. డిష్ బిగించే యువకుడు గోడకు కాలు తన్ని, స్పానర్‌తో బోల్టు వదులు చేసి, గిన్నెను కొంచెం కొంచెం జరుపుతుంటాడు. కింద టీవీ ముందు ఒకరు నిలబడతారు.

“వచ్చిందా అన్నా?”

“రాలే. ఇంగ జర తూర్పుకు తిప్పు.”

“ఇప్పుడు?”

“ఆ... వచ్చింది, వచ్చింది. గట్ల ఉంచు!”

మన వైపు డిష్‌లన్నీ దక్షిణానికి, కాస్త తూర్పుకు ఒరిగి ఉంటాయి. ఎందుకంటే అవి వెతికే ఉపగ్రహాలు భూమధ్యరేఖకు సరిగ్గా పైన, మనకు తూర్పుగా ఉన్న రేఖాంశాల దగ్గర ఉన్నాయి. డీడీ ఫ్రీ డిష్ వచ్చే జీశాట్-15 ఉన్నది 93.5 డిగ్రీల తూర్పున. అది గంటకు 11,000 కిలోమీటర్ల వేగంతో పరుగెడుతున్నా, భూమి తిరిగే తీరుకు సరిగ్గా జత కుదిరినందువల్ల మనకు కదలకుండా నిలబడ్డట్టే ఉంటుంది. ఆ జత చెడి ఉపగ్రహం పక్కకు జరిగిపోతే గిన్నెలోకి బొమ్మ రాదు. మిహిర దారి తప్పడం అంటే ఏమిటో ఆ డాబా మీది కుర్రవాడికి చెప్పనక్కరలేదు. ఆ పొందిక చెడితే ఎట్లుంటదో అతడి చేతి వేళ్లకు తెలుసు. ‘అంతరిక్షం’ లాంటి సినిమాకు మొదటి పాత్ర అతడే అయి ఉండవచ్చు.

మిహిర కట్టుకథ కాదు

‘నమ్మశక్యంగా లేదు’ అన్న మాట కూడా ఆ రోజుల్లో వినిపించింది. జరిగిన చరిత్ర తెలిస్తే ఆ మాట కొంచెం సవరించుకుంటాం.

2009 ఫిబ్రవరి 10న సైబీరియా మీద, సుమారు 790 కిలోమీటర్ల ఎత్తులో, పాడైపోయిన రష్యా కాస్మోస్-2251 పనిచేస్తున్న అమెరికా ఇరిడియం-33ను ఢీకొట్టింది. రెండూ వేల ముక్కలయ్యాయి. 2010 ఏప్రిల్‌లో గెలాక్సీ-15 అనే టీవీ ఉపగ్రహం భూమి నుంచి వచ్చే ఆజ్ఞలు వినడం మానేసింది. రేడియో పరికరాలు మాత్రం నడుస్తూనే, పక్క ఉపగ్రహాల సంకేతాలకు అడ్డుతగులుతూ, వరస వెంట మెల్లగా జరుగుతూ పోయింది. ఇంగ్లిష్ పత్రికలు దానికి జాంబీశాట్ అని పేరు పెట్టాయి. డిసెంబర్‌లో బ్యాటరీ పూర్తిగా అడుగంటి, దాని కంప్యూటర్ తిరిగి మొదలై, మళ్లీ మాట విన్నది. మిహిరకు నిజ జీవితంలో ఇంత దగ్గరి తోబుట్టువు మరొకటి లేదు. తేడా ఒక్కటే. గెలాక్సీ-15ను మనుషులు పైకి వెళ్లి బాగుచేయలేదు. అంత ఎత్తుకు మరమ్మతు కోసం ఇప్పటికీ ఎవరూ వెళ్లలేదు.

తక్కువ ఎత్తులో మాత్రం వెళ్లారు. 1992 మే నెలలో ఎండీవర్ షటిల్ మొదటి యాత్రలోనే, కక్ష్య అందక రెండేళ్లుగా పనికిరాకుండా తిరుగుతున్న ఇంటెల్‌శాట్-603ను పట్టుకోవాల్సి వచ్చింది. ప్రత్యేకంగా చేసిన కొక్కెం రెండు రోజులూ పని చేయలేదు. చివరికి ముగ్గురు వ్యోమగాములు బయటికి వెళ్లి, తమ చేతులతోనే నాలుగు టన్నుల ఆ ఉపగ్రహాన్ని పట్టి నిలిపారు. ఎనిమిది గంటలకు పైగా బయటే ఉన్నారు. అంతకుముందెన్నడూ ముగ్గురు ఒకేసారి అంతరిక్షంలో నడిచింది లేదు.

ఈ ఒక్క ఉదంతంలో ఉన్న ఉత్కంఠ చూడండి. పనిముట్టు ఓడింది. కొత్త ఆలోచన పుట్టింది. దాన్ని కింద నీళ్ల ట్యాంకులో సరిచూశారు. పైన చేసి గెలిచారు. ‘ద్వితీయార్ధంలో చిక్కులు తేలిగ్గా విడిపోయాయి’ అన్న విమర్శకు మందు ఇలాంటి ఓటముల్లోనే ఉంది. హీరో మొదటిసారే గెలిస్తే ప్రేక్షకుడికి గుండె దడ ఉండదు. ప్రతి పరిష్కారానికీ ఒక ధర ఉండాలి. ఇంధనం తరగాలి, ఆక్సిజన్ తరగాలి, పొద్దు తరగాలి.

తాడు కనిపించని తేలిక

సాంకేతికత విషయంలో తెలుగు బృందానికి దక్కాల్సిన మెప్పు దక్కింది. అయితే అది ఎందుకు కష్టమో చెప్పినవాళ్లు తక్కువ.

400 కిలోమీటర్ల ఎత్తులో భూమ్యాకర్షణ మాయమైపోదు. నేల మీద ఉన్నదాంట్లో దాదాపు 90 శాతం అక్కడా ఉంటుంది. వ్యోమనౌక, లోపలి మనిషి, చేతిలోని పెన్ను కలిసి ఒకే తీరుగా పడిపోతూ భూమి చుట్టూ తిరుగుతుంటాయి కాబట్టి తేలినట్టు ఉంటుంది. దీన్ని నేల మీద నటించడం చాలా కష్టం. తాడుతో వేలాడదీస్తే మనిషి బరువంతా నడుముకు, భుజాలకు కట్టిన పట్టీల మీద పడుతుంది. మెడ బిగుస్తుంది. జుట్టు కిందికి వేలాడుతుంది. కాళ్లు బరువుగా కనిపిస్తాయి. నటుడు నొప్పి ఓర్చుకుంటూ తేలిక నటించాలి. 1995లో వచ్చిన ‘అపోలో 13’ బృందం నాసా విమానంలోనే చిత్రీకరణ చేసింది. విమానం పైకి లేచి కిందికి దూకే ప్రతిసారీ 25 సెకన్ల లోపు నిజమైన తేలిక దొరికేది. ఆ ముక్కలన్నీ ఏరి సన్నివేశాలు అల్లారు. మన బృందానికి ఆ వసతి లేదు. తాళ్ల మీదనే, కంప్యూటర్ల మీదనే నెట్టుకొచ్చారు. వరుణ్ తేజ్ ఒదిగి నటించాడని రాసేటప్పుడు ఆ ఒదుగు వెనకున్న వెన్నునొప్పి కూడా రాయాల్సింది.

పూరీలతో గెలిచిన అంగారకుడు

‘మనోళ్లు చూడరు’ అన్న మాటకు జవాబు ఎనిమిది నెలల్లోనే వచ్చింది. 2019 ఆగస్టు 15న హిందీలో ‘మిషన్ మంగళ్’ విడుదలైంది. శాస్త్ర విషయాలను మరీ తేలిక చేశారని విమర్శకులు దాన్నీ వదల్లేదు. ఆ విమర్శలో నిజం ఉంది. అయినా దేశంలో 200 కోట్లకు పైగా వసూలు చేసింది. అందులో విద్యాబాలన్ పాత్ర వంటింట్లో పూరీలు వేయిస్తూ ఒక ఆలోచన చేస్తుంది. నూనె ఒకసారి కాగాక గ్యాస్ ఆపినా పూరీ పొంగుతుంది. అలాగే ఇంజన్‌ను అవసరమైనప్పుడే వెలిగిస్తే తక్కువ ఇంధనంతో అంగారకుడిని చేరవచ్చు. శాస్త్రవేత్తలు పెదవి విరవచ్చు గానీ, హాల్లో కూర్చున్న అమ్మలకు అంగారకుడు ఆ క్షణాన దగ్గరయ్యాడు.

‘అంతరిక్షం’లో శాస్త్రం పట్ల గంభీరత ఉంది, ఇల్లు లేదు. ‘మిషన్ మంగళ్’లో ఇల్లు ఉంది, గంభీరత తక్కువ. ఈ రెండూ కలిసిన సినిమా తెలుగులో రావాలి. వస్తే చూసే జనం ఉన్నారనడానికి సాక్ష్యం 2023 ఆగస్టు 23 సాయంత్రం. చంద్రయాన్-3 దిగడాన్ని ఇస్రో యూట్యూబ్‌లో ఒకేసారి 80 లక్షల మందికి పైగా చూశారు. ఆ చివరి నిమిషాల్లో తెర మీద పాట లేదు, ఫైట్ లేదు, హీరో లేడు. ఎత్తు, వేగం చూపే అంకెలు మాత్రమే తగ్గుతూ వచ్చాయి. జనం కళ్లార్పకుండా చూశారు. రెప్పపాటులో ఏదైనా జరగవచ్చని వాళ్లకు తెలుసు. 2019 సెప్టెంబర్‌లో చంద్రయాన్-2 ల్యాండర్ విక్రమ్ కూలిన రాత్రి ఇంకా మరచిపోలేదు. ముందు ఓటమి చూసినవాళ్లకే ఆ గెలుపు అంత పెద్దదిగా అనిపించింది.

తీర్పు మారే కాలం

అంతరిక్ష చిత్రాల మీద తొలి తీర్పు తప్పడం కొత్త కాదు. 1968 ఏప్రిల్‌లో స్టాన్లీ కూబ్రిక్ ‘2001: ఎ స్పేస్ ఒడిస్సీ’ తొలి ప్రదర్శనల్లో జనం లేచి వెళ్లిపోయారు. పేరున్న విమర్శకులు విసుగు పుట్టించిందన్నారు. కూబ్రిక్ తానే 19 నిమిషాలు కోసేశాడు. 2022లో సైట్ అండ్ సౌండ్ పత్రిక ప్రపంచ దర్శకులను అడిగితే అన్నిటికన్నా గొప్ప సినిమాగా దాన్నే ఎన్నుకున్నారు. 2014లో మిశ్రమ స్పందన చూసిన ‘ఇంటర్‌స్టెల్లార్’ పదేళ్లకు తిరిగి వచ్చింది. 2024 డిసెంబర్‌లో ఐమాక్స్ తెరలు ‘పుష్ప 2’కు కేటాయించడంతో మన దేశంలో ఆగి, 2025 ఫిబ్రవరి 7న విడుదలైంది. కుర్రకారు టికెట్ల కోసం ఎగబడ్డారు.

‘అంతరిక్షం’ కూడా అలా లేచి కూర్చుంటుందని నేను అనను. దాని లోపాలు నిజమైనవే. కానీ అంతరిక్షం మీద తీసిన సినిమాను శుక్రవారం మధ్యాహ్నానికే ఐదుకు ఇన్ని మార్కులని ముగించేస్తే, అందులో ఏది విత్తనమో ఏది తాలో ఎవరూ ఏరరు. ఆ మార్కులనే నమ్మి సిరిసిల్లలో రాత్రి షిఫ్టు దిగిన సాంచాల కార్మికుడు ఏ సినిమాకు పోవాలో తేల్చుకుంటాడు. దుబాయ్‌లో ఉన్న కథలాపూర్ యువకుడూ అదే చూసి టికెట్ కొంటాడు. వాళ్లకు మార్కుతో పాటు కారణం కూడా దక్కాలి.

అందుకే రేపు ఎవరు మళ్లీ తెలుగు వ్యోమగామిని పైకి పంపినా, చూసేవాళ్లం, రాసేవాళ్లం మూడు ప్రశ్నలు అడుగుదాం. ఆపద ఎవరి ఇంటిది? పరిష్కారం కథ పెట్టుకున్న నియమాల్లోంచే వచ్చిందా, లేక హీరో మీది గౌరవంతో వచ్చిందా? గెలుపుకు ముందు ఓటమి ఉందా? మొదటి ప్రశ్న అమ్మలది, రెండోది ఫిజిక్స్ చదివే పిల్లలది, మూడోది కోతకొచ్చిన చేను వానకు పోయినా మళ్లీ విత్తు వేసే రైతులది. ఈ ముగ్గురూ కథలాపూర్‌లో ఒకే వాడలో ఉంటారు.

సంకల్ప్ రెడ్డి బృందం దారి వేసింది. ఆ దారిలో గుంతలున్నాయని చెప్పడం మన బాధ్యత. ఎక్కడెక్కడ ఉన్నాయో, ఎంత లోతున్నాయో, ఎట్లా పూడ్చవచ్చో చెప్పడం అంతకన్నా పెద్ద బాధ్యత. ఆ పని సరిగ్గా చేస్తే తర్వాతి దర్శకుడు ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో అతడికి తెలుస్తుంది. నిర్మాతకు ధైర్యం వస్తుంది. శ్రీహరికోట మన గడ్డ మీద ఉంది. రాకేశ్ శర్మ చదువుకున్నది మన హైదరాబాద్‌లో. కథలకు కరువు లేదు. వాటిని గట్టిగా అడిగే ప్రేక్షకులం మనమే కావాలి.